మన సైనికుల సేవాపత్రములును, అందని పతకములును

(సంఘ వార్షిక మహాసభ రెండవనాటి యుపన్యాసము)



మన మహాసభలయందు విద్యార్థి వసతిగృహములను గూర్చియు, పేదబిడ్డల చదువునకు ధనసహాయమును గూర్చియు, వివాహవ్యయములను తగ్గించుటను గూర్చియు ఉపన్యాసములు జరుగుట పరిపాటి. అవి యన్నియు ముఖ్యవిషయములే. నాకు నేడు నియమింపబడిన విషయము వానివలె ప్రసిద్ధమైనది కాదు. మన కుటుంబములనుండి సైన్యమున చేరి, సేవచేసి, యిల్లు చేరినవారి సేవాపత్రములలో దొర్లిన తప్పులను దిద్దించుటయు, వారికి రావలసియుండి రాక నిలిచిపోయిన పతకములను రప్పించుటయు నేటి నా ప్రసంగవిషయము. నేను పండితుడను కాను, వక్తనును కాను. కొంతకాలము పటాలపు కచేరీలో వ్రాయసకాడనుగా పనిచేసినవాడను గనుక కాగితములు ఎట్లు పుట్టునో, ఎట్లు తప్పిపోవునో కొంత యెరుగుదును. ఆ యెరుకను మీ ముందుంచుటకే లేచి నిలువబడితిని.

తెలుగువారికి సైనికవృత్తి క్రొత్త కాదు. కుంపిణీకాలపు మద్రాసు సైన్యమునందు తెలుగు సిపాయిలు వేలకొలది యుండిరి. 19వ శతాబ్ది యుత్తరార్ధమున కొన్ని జాతులే యుద్ధమునకు తగినవను సిద్ధాంతము బయలుదేరి, దక్షిణాదివారి చేరిక క్రమముగా తగ్గింపబడెను. 1928 నాటికి మద్రాసు పదాతిదళమే రద్దయ్యెను. మరల ప్రపంచయుద్ధావసరము కలిగినపుడు 1941లో మద్రాసు రెజిమెంటు పునఃస్థాపింపబడెను. ఆ రెండవ ప్రపంచయుద్ధమున సుమారు 25 లక్షలమంది భారతీయులు స్వచ్ఛందముగా సైన్యమున పనిచేసిరి. పశ్చిమగోదావరి జిల్లాలోని మాధవరము గ్రామము తరతరములుగా సైనికులను పంపుచున్నందున మిలిటరీ మాధవరమను పేరు గాంచినది. అట్టి ఖ్యాతి లేని గ్రామములనుండియు ఇంటికొక్కరుగా, ఇద్దరుగా పోయినవారు మనలోనే యెందరో యున్నారు. వారి పేర్లు మన సంఘపు పుస్తకములలో లేవు. సర్కారు పుస్తకములలో నున్నవి గాని, చాలచోట్ల తప్పుగా నున్నవి.

సైనికుడు చేసిన పని సైనికునకు తెలియును. ప్రభుత్వమునకు తెలియునది కాగితము మీదికెక్కినంత మాత్రమే. ఈ భేదము నెరుగనిదే తక్కిన విషయము బోధపడదు. యువకుడు సైన్యమున చేరినదినముననే వాని పేరు, తండ్రిపేరు, గ్రామము, పుట్టినతేదీ, దేహచిహ్నములు వ్రాసికొని యొక నంబరు నిత్తురు. పిమ్మట వాని జీవితమున జరుగు ప్రతి మార్పును, అనగా పెండ్లి, బిడ్డలు పుట్టుట, ప్రమోషను, గాయము, బదిలీ, పతకార్హత యీ మొదలగువానిని పటాలపు కచేరీ పార్టు టూ ఆర్డరుగా ప్రకటించి రికార్డ్సు ఆఫీసునకు పంపవలెను. ఆ యార్డరును జూచి రికార్డ్సు ఆఫీసువారు సేవాపత్రమున నమోదు చేయుదురు. ఆర్డరు వెలువడనిచో, వెలువడియు చేరనిచో, సర్కారు దృష్టిలో ఆ పెండ్లి జరుగలేదు, ఆ బిడ్డ పుట్టలేదు, ఆ యుద్ధమునకు మనవాడు పోలేదు! యుద్ధసమయమున పటాలము నేడొకచోట, రేపొకచోట నుండును. గుడారమున దీపపు వెలుగున టైపు చేయు గుమాస్తాకు వందలమంది లెక్కలుండును. అతనికి ద్వేషములేదు, తీరికయును లేదు. తప్పులలో ననేకము లిట్లే పుట్టినవి.

ఇక మన తెలుగువారికి ప్రత్యేకముగా వచ్చు చిక్కులను మనవి చేసెదను. మొదటిది పేరు. మనకు ఇంటిపేరు ముందు, పెట్టినపేరు వెనుక. ఉత్తరదేశపు గుమాస్తాకు వెనుకనున్నదే వంశనామము. కావున అన్నదమ్ము లిరువురు ఒకే సైన్యమున చేరినను, కాగితములలో వేర్వేరు వంశములవారైరి. వెంకటస్వామి యనునది యొకచోట ఒక్క పదముగాను, ఇంకొకచోట రెండు పదములుగాను, వేరొకచోట పొడియక్షరములతోడను కానవచ్చును. భార్యపేరు మరింత చిక్కు. ఇంటిలో సుబ్బమ్మ యని పిలిచెదరు గనుక సెలవుమీదనుండి వచ్చిన సిపాయి సుబ్బమ్మ యనియే చెప్పును. ఆమె ఆధారు కార్డులో వెంకట సుబ్బలక్ష్మి యని యుండును. భర్త జీవించియున్నంతకాల మీ భేద మెవ్వరికిని పట్టదు. అతడు మరణించిన మరునాడు కుటుంబ పింఛనుకొరకు పోయిన వృద్ధురాలిని, ‘నీ వెవ్వతెవు?’ అని కాగిత మడుగును.

రెండవది ఊరు. 1943లో చేరిన సైనికుని పత్రమున మద్రాసు రాజధాని యని యుండును. అదే గ్రామము 1953లో ఆంధ్రరాష్ట్రమునను, 1956లో ఆంధ్రప్రదేశమునను చేరెను. 2014లో రాష్ట్రము రెండయ్యెను. తెలంగాణమున 2016లోను, ఆంధ్రప్రదేశమున 2022లోను జిల్లాల హద్దులు మారెను. తాలూకాలు పోయి 1985లో మండలములు వచ్చెను. ఊరు కదలలేదు, చిరునామా మాత్రము అయిదారుమార్లు కదలినది. పాత చిరునామాకు పంపిన పతకపు పొట్లము తిరిగి పోవుటలో వింత యేమున్నది?

మూడవది పుట్టినతేదీ. జాతకము లేక, బడిపత్రము లేక, కంటికి కనబడిన వయస్సును బట్టి తేదీ వ్రాయించినవారు పెక్కురు. ఈ విషయమున నొక హెచ్చరిక. చేరినపుడు వ్రాయించి, సంతకముచేసి, యావత్సేవాకాలమును అంగీకరించిన తేదీని విరమణానంతరము మార్చుటకు న్యాయస్థానములు సామాన్యముగా నొప్పుకొనవు. ఆధారు కార్డును, ఓటరు కార్డును సేవాపత్రపు తేదీకి సరిపరచుకొనుట సులువు. సేవాపత్రమును వానికి సరిపరచుట దుర్లభము. ఏ తప్పు దిద్దదగినదో, ఏది విడువదగినదో తెలిసికొనుటయే సగము పని.

నాల్గవది పతకములు. ఇందు రెండు జాతు లున్నవి. శౌర్యపతకము లొకజాతి. అవి పైయధికారి సిఫారసుచేత, ప్రత్యక్షసాక్షుల వాంగ్మూలములచేత, కమిటీల నిర్ణయముచేత వచ్చునవి. వాని నెవ్వరును హక్కుగా కోరుటకు వీలులేదు. ఏండ్లు గడచిన పిమ్మట సాధించుట మిక్కిలి కష్టము. సేవాపతకములు రెండవజాతి. నియమిత కాలమున, నియమిత స్థలమున సేవచేసిన ప్రతివానికి అవి చెందును, సిఫారసు అక్కరలేదు. ఉదాహరణమునకు 1965 ఆగస్టు 5వ తేదీకి 180 దినముల సేవ పూర్తియైనవారికి రక్షా పతకము. 1971 యుద్ధమున తూర్పురంగమున నున్నవారికి పూర్వీ స్టారు, పడమటిరంగమున నున్నవారికి పశ్చిమీ స్టారు. 1972 ఆగస్టు 15న సేవలో నున్నవారికి స్వాతంత్ర్య రజతోత్సవ పతకము; 1997 ఆగస్టు 15న నున్నవారికి స్వర్ణోత్సవ పతకము. తొమ్మిదేండ్ల సేవకొకటి, ఇరువది యేండ్ల సేవకొకటి. రెండవ ప్రపంచయుద్ధమున 28 దినములు సేవచేసినవారికి వార్ మెడలు. మూడేండ్లు దేశమునందే యుండి పనిచేసినవారికి ఇండియా సర్వీసు మెడలు. బర్మారంగమున కేగినవారికి బర్మా స్టారు.

వీనిలో కొన్నింటికి వేరు సాక్ష్యమే యక్కరలేదు. ఒకడు 1963లో చేరి 1979లో విరమించెనని డిస్చార్జి బుక్కు చెప్పుచున్నచో, 1972 ఆగస్టు 15న సేవలో నుండెనని ఆ బుక్కే చెప్పుచున్నది గదా! అట్లుండియు పతకముల పుటలో రజతోత్సవ పతకము కానరానిచో, మొదటి పుట రెండవ పుటను తప్పని నిరూపించుచున్నది.

మన సంఘమునకు చెందిన యొక వృద్ధ సైనికుని సంగతి నిట చెప్పక తప్పదు. ఆయన సరిగా నట్టివాడే. రెండు యుద్ధములు చూచినవాడు. డిస్చార్జి బుక్కులో నొక్క రక్షా పతకము మాత్రమే యుండెను. ‘యుద్ధము చేసితిని, నాకు తెలియును, చాలదా?’ అని యూరకుండెను. మనుమడు కళాశాలలో చదువుచు తాతగారి బుక్కును తెరచి చూచి, మాయొద్దకు తెచ్చెను. రజతోత్సవ పతకమునకు, తొమ్మిదేండ్ల పతకమునకు తేదీలే చాలినవి. పూర్వీ స్టారునకు మాత్రము, ఆయన కంపెనీ తూర్పురంగమున నుండెనని చూపవలసివచ్చెను. అదే కంపెనీలో పనిచేసిన యిరువురు సహచరులను వెదకి, వారి డిస్చార్జి బుక్కులలో పూర్వీ స్టారు నమోదైన పుటల నకళ్లను సంపాదించి జతపరచితిమి. అయితే బుక్కును తిరుగవేయుచుండగా పతకములకన్న పెద్ద లోపము కనబడెను. భార్యపేరు చోట ముద్దుపేరుండెను. పుట్టినతేదీ చోటు ఖాళీ. ఆయన దానిని గూర్చి యడిగినవాడే కాదు. మేము దానినే ముందు దిద్దించితిమి. ఏడాదిన్నరకు పతకములు వచ్చినవి. ఆ మరుసటి సంవత్సరమే ఆయన స్వర్గస్థుడయ్యెను. ఆ యిల్లాలికి కుటుంబ పింఛను ఏ యడ్డంకియు లేక ప్రారంభమయ్యెను. పతకములకొరకు తెరచిన బుక్కు ఆమెకు అన్నము పెట్టినది. సేవాపత్రమును జూచుట గౌరవమునకే కాదు, కుటుంబ క్షేమమునకును అవసరమని చెప్పుట కీ దృష్టాంతము చాలును.

‘ఏనాడో గడచిన సంగతి. పోయినవానికి పతకమేల?’ అని మనలో కొందరు ప్రశ్నింతురు. న్యాయమైన ప్రశ్నయే. దీనికి అమెరికాదేశపు చరిత్రనుండి సమాధానము చెప్పెదను. హెన్రీ జాన్సన్ అను నల్లజాతి సైనికుడు మొదటి ప్రపంచయుద్ధమున 369వ పదాతిదళమునందు పనిచేసెను. ఆ దళమును ఫ్రెంచి సైన్యమునకు అప్పగించిరి. 1918 మే నెలలో నొకనాటి రాత్రి ఆర్గాన్ అడవియందు జర్మనులు దాడిచేయగా, అతడు గుండ్లు అయిపోయిన తుపాకితోను, కత్తితోను పోరాడి, గాయపడిన తోటిసైనికుని శత్రువులకు చిక్కకుండ కాపాడెను. అతని శరీరమున 21 గాయములు. ఫ్రెంచి ప్రభుత్వము గొప్ప శౌర్యపతకము నిచ్చెను. స్వదేశము మాత్ర మేమియు నీయలేదు. అంతేకాదు, అతని డిస్చార్జి పత్రమున గాయముల మాటయే లేదు! గాయములు దేహముమీద నున్నవి, కాగితముమీద లేవు. అతడు 1929లో పేదరికమున మరణించెను.

పిమ్మట న్యూయార్కు రాష్ట్రపు అభిమానులును, వృద్ధసైనికులును దశాబ్దములు పాటుపడిరి. 1996లో గాయపడినవారి కిచ్చు పర్పుల్ హార్టు వచ్చెను. 2002లో విశిష్టసేవా శిలువ వచ్చెను. అత్యున్నతమగు మెడల్ ఆఫ్ ఆనరునకు మరికొంత సాక్ష్యము కావలసియుండగా, ఆనాటి సేనాధిపతి పెర్షింగు అతని శౌర్యమును వర్ణించిన యుద్ధకాలపు సమాచారపత్ర మొకటి పాత కాగితములలో బయల్పడెను. 2015 జూన్ 2వ తేదీన అధ్యక్షుడు ఒబామా ఆ పతకమును ప్రకటించి యిచ్చెను. సంఘటన జరిగి 97 సంవత్సరములు! జాన్సను తిరిగి రాలేదు. కాని ‘ఈ దళమువారు యుద్ధమున కెందుకును కొరగారు’ అని యేండ్లతరబడి చెప్పబడిన మాటకు సర్కారు చేవ్రాలుతోనే ఖండనము లభించెను. పోయినవానికి పతకమేల యనువారి కిదియే నా జవాబు: పతకము పోయినవానికి కాదు, వానిని గూర్చి యున్నవారు చెప్పు మాటకు ప్రమాణము.

కాగితములు నశించుటను గూర్చియు అమెరికా యనుభవమే మనకు పాఠము. 1973 జూలై 12న సెయింట్ లూయీ నగరప్రాంతమున నున్న సైనిక రికార్డుల భవనమున నిప్పంటుకొనెను. 1 కోటి 60 లక్షలు మొదలు 1 కోటి 80 లక్షల వరకు సేవాపత్రములు బూడిదయైనవి. 1912 నవంబరు మొదలు 1960 జనవరి వరకు విరమించిన సైనికుల పత్రములలో నూటికి 80 వంతులు పోయినవి. వానికి నకళ్లు లేవు, సూక్ష్మచిత్రములు లేవు. ఐనను అచ్చటివారు నిరాశ చెందక, జీతపు చీటీలనుండియు, ఆసుపత్రి కార్డులనుండియు, దళముల దినచర్య పత్రములనుండియు, కుటుంబములయొద్ద నున్న డిస్చార్జి కాగితములనుండియు సేవావృత్తాంతములను మరల కూర్చుచున్నారు. సైనిక రికార్డులను దిద్దుటకు అచ్చట ప్రత్యేక మండలులే గలవు. వానికి మూలమగు చట్టము 1946నాటిది. తప్పు కనుగొన్న మూడేండ్లలో అర్జీ పెట్టవలెను గాని, న్యాయము కోరునెడల ఆ గడువును మన్నింతురు.

ఇంకను రెండు సంగతులు. మొదటి ప్రపంచయుద్ధానంతరము పంజాబు ప్రభుత్వము గ్రామగ్రామమునకు తిరిగి 3 లక్షల 20 వేలమంది సైనికుల పేర్లను పుస్తకముల కెక్కించెను. ఆ పుస్తకములు లాహోరు వస్తుప్రదర్శనశాలలో దాదాపు శతాబ్దము పఠితలు లేక పడియుండెను. 2021లో బ్రిటనునందలి పంజాబీయుల సంఘమును, ఒక విశ్వవిద్యాలయమును కలిసి వానిని అందరకు అందుబాటులోనికి దెచ్చుట కారంభించెను. తమ ఊరి పేరు వెదకి ముత్తాతల పేర్లను కనుగొన్న కుటుంబము లెన్నో. ఆ 2021లోనే కామన్‌వెల్తు యుద్ధసమాధుల సంస్థ తన విచారణలో, మొదటి యుద్ధమున మడిసిన ఆఫ్రికా, ఆసియా సైనికులలో లక్షకు మించినవారికి పేరుతో స్మారకచిహ్నమే యేర్పడలేదని యొప్పుకొని, క్షమాపణము చెప్పెను. సంఘము లడిగినచోట పేర్లు బయటికి వచ్చినవి. అడుగువారు లేనిచోట పుస్తకములు మూసియే యున్నవి.

మనకు తొందర యెందుకో యిపుడు మనవి చేసెదను. మన సైనిక నియమముల ప్రకారము పింఛను లేక వెడలిన సైనికుల సేవాపత్రములను సామాన్యముగా 25 సంవత్సరములు దాచి, పిమ్మట ధ్వంసము చేయుదురు. లాంగ్ రోల్ అను పెద్ద పట్టికలోని సంక్షిప్త వివరము మాత్రము మిగులును. అనగా 1990 ప్రాంతముల పింఛను లేక వెడలినవారి పూర్తి పత్రములకు గడువు దాటియే యుండును. అట్టివారి విషయమున ఇంటిలోని డిస్చార్జి బుక్కే యిక మూలపత్రము. చెదలు తినుచున్న ఆ బుక్కు పోయినచో నింక సాక్ష్యము లేదు. 1971 యుద్ధమున ఇరువదేండ్ల వయస్సువారు నేడు డెబ్బది దాటినవారు. సహచరుల సాక్ష్యము కూడ దినదినమును తరిగిపోవుచున్నది. రెండవ ప్రపంచయుద్ధమున పనిచేసి పింఛను లేక యున్న వృద్ధులకును, వారి భార్యలకును రాష్ట్రప్రభుత్వములు నెలసరి సహాయ మేర్పరచినవి. దానికిని సేవను రుజువుచేయు కాగితమే ఆధారము.

ఇక చేయవలసిన పని. ముందుగా ఇంటిలోని ప్రతి కాగితమును సమకూర్పుడు. డిస్చార్జి బుక్కు, పింఛను ఉత్తరువు, పాత గుర్తింపు కార్డు, సైనికవేషమున దిగిన ఛాయాపటములు, ఉత్తరములు, మనియార్డరు రసీదులు, ఏదియు పారవేయవలదు. ఛాయాపటమున రొమ్ముమీద కనబడు రంగురంగుల పట్టీలే ఏ పతకము లందినవో చెప్పును. వెంటనే బుక్కులోని ప్రతి పుటకును ఫోటో తీసి రెండుచోట్ల దాచుడు. అసలు కాగితమును ఎవ్వరి చేతికిని ఈయవలదు, నకళ్లనే పంపుడు.

పిమ్మట బుక్కును నిదానముగా చదివి, నంబరు, పేరు, తండ్రిపేరు, భార్య, బిడ్డలు, చేరిన తేదీ, విడిచిన తేదీ, పనిచేసిన దళములు, పతకములు, వీనిని ఇంటిలోని ఇతర పత్రములతో సరిచూచి, భేదములను ఒక కాగితముమీద వ్రాసికొనుడు. తదుపరి అర్జీని ఢిల్లీకి కాక, ఆ దళపు రికార్డ్సు ఆఫీసునకే వ్రాయవలెను. మద్రాసు రెజిమెంటువారికి నీలగిరులలోని వెల్లింగ్టను, మద్రాసు ఇంజనీరు గ్రూపువారికి బెంగుళూరు, ఫిరంగిదళమువారికి నాసికు రోడ్డు, సిగ్నల్సువారికి జబల్పూరు, వైద్యదళమువారికి లక్నో, ఇ.ఎం.ఇ. వారికిని, ఆర్డ్నెన్సువారికిని మన సికింద్రాబాదే. వాయుసేనవారికి ఢిల్లీ, నౌకాదళపు నావికులకు ముంబయి. నంబరు, హోదా, పేరు, దళము లేని యర్జీకి జవాబు రాదు. ఒక్కొక్క యర్జీలో నొక్కొక్క కోరికయే యుండవలెను. భార్యపేరు మార్పునకు అఫిడవిట్టు, గుర్తింపు పత్రములు. పతకమునకు అర్హతను చూపు పుటల నకళ్లు. దూషణము వ్రాయవలదు. తప్పు ఎచ్చట నున్నదో, సరియైన దేదో, దానికి సాక్ష్య మేదో, ఈ మూడు మాటలు చాలును. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము ద్వారా పంపినచో బలము హెచ్చు. పోస్టు రసీదును భద్రపరుపుడు.

జవాబు రానిచో 2005నాటి సమాచారహక్కు చట్టము గలదు. పదిరూపాయల రుసుముతో తన సేవాపత్రపు నకలును అడుగవచ్చును. 30 దినములలో సమాధాన మీయవలెను. అడిగినది నిరాకరింపబడిన పక్షమున, 2007 చట్టముచే ఏర్పడి 2009నుండి పనిచేయుచున్న సాయుధదళముల ట్రిబ్యునలు గలదు. తుది యుత్తరువు వచ్చిన ఆరునెలలలో దానిని ఆశ్రయింపవలెను. తగిన కారణమున్నచో ఆలస్యమును మన్నించు అధికారము దానికి గలదు. కావున నిరాకరణపు జాబును కోపముతో చింపివేయవలదు. అదియే తరువాతి మెట్టునకు తాళపుచెవి.

ఇచ్చట నొక కఠినవాక్యము పలుకవలసియున్నది. చేయని యుద్ధమునకు పతకము కోరరాదు. బజారున అమ్ము పతకములను కొని తగిలించుకొనరాదు. తాతగారు బర్మాకు పోయిరని యింటిలో చెప్పుకొనుట వాడుకయై, పత్రములు వారు దేశమునందే సరకుల డిపోలో పనిచేసిరని చూపినచో, సంతోషముతో దానినే అంగీకరింపుడు. సరకులు పంపినవాడు లేక పోరాడినవాడు లేడు; ఆ సేవకును తగిన పతకము గలదు. ఒక్క కుటుంబము అబద్ధ మాడినచో, దానివెనుక సత్యము చెప్పు పది కుటుంబముల యర్జీలు సందేహమునకు పాలగును. అట్లే, ‘పతకము తెప్పించెదను, ఇంత యిమ్ము’ అను దళారులను దరి చేరనీయవలదు. పైన జెప్పిన పనులలో నొక్కదానికిని దళారితో పని లేదు.

తుదకు మహాసభవారికి నా విన్నపములు మూడు. మొదటిది: సంఘమునకు అనుబంధముగా ఒక సైనికుల పట్టిక నేర్పరుపవలెను. ప్రతి గ్రామశాఖయు, తన పరిధిలో సైన్యమున పనిచేసినవారి పేరు, నంబరు, దళము, సేవాకాలము, భార్యపేరు, పతకములు వ్రాసి, డిస్చార్జి బుక్కు ఫోటోలతో సహా కేంద్రకార్యాలయమునకు పంపవలెను. గతించినవారి పేర్లును చేర్పవలెను. వచ్చే మహాసభ నాటికి ఈ పట్టిక సంచికయందు ముద్రింపబడిన, అంతకు మించిన అలంకారము సంచికకు వేరొకటి యుండదు. నంబర్లను మాత్రము అచ్చువేయక కార్యాలయముననే దాచవలెను; దుర్వినియోగమునకు తావీయరాదు.

రెండవది: విరమించిన సుబేదారులు, హవల్దారులు, గుమాస్తాలు మనలో నున్నారు. వారిలో నలుగురైదుగురితో నొక ఉపసంఘ మేర్పరచి, అర్జీలు వ్రాసిపెట్టు భారమును వారికి నొప్పగింపవలెను. ఇందులకు కావలసినది ధనము కాదు, ఓపిక. పోస్టు ఖర్చులకును, నకళ్లకును మాత్రము పోషకులు కొలదిగా సాయపడిన చాలును. మన వసతిగృహపు విద్యార్థులు ఈ పనిలో సహాయులైనచో, వారికి చరిత్రయు, దరఖాస్తు వ్రాయు నేర్పును ఏకకాలమున అబ్బును.

మూడవది అందరికంటె ముందుగా, నేటి రాత్రియే చేయదగినది. ఇంటికేగి, పెట్టె తెరచి, తాతగారి బుక్కును పైకి తీయుడు. అందు మీ అవ్వగారి పేరు ఏమని వ్రాయబడియున్నదో చదువుడు. ఆమె సజీవురాలై యున్నచో, ఆమెకే చదివి వినిపించి, ‘ఇది నీ పేరేనా?’ అని యడుగుడు. ఔనన్నచో సంతోషము. కాదన్నచో, రేపటి ఉదయమున భోజనశాల ప్రక్కగదిలో నేనును, నా మిత్రు లిరువురును కాగితములతో కూర్చుండియుందుము. బుక్కు నకలుతో రండు.